చివరి మూడు పేర్లు

ఉలి మాస్టారు ఏదో దాస్తున్నాడని నాకు తెలిసింది ఆయన టీ గ్లాసు తడిమే తీరు చూసి. ఆ ముక్క పైకంటే మా బావమరిది పడీ పడీ నవ్వుతాడు గనక అప్పటికి ఊరుకున్నాను.

మా బావమరిది ఈ స్టేషన్ ఇన్‌స్పెక్టరు. నేను ఇదే స్టేషన్లో, వాడు కూర్చునే కుర్చీలోనే కూర్చుని రిటైరైనవాణ్ణి. ఇప్పుడు గుమ్మానికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుని, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి దిగుతూ కాలక్షేపం చేస్తున్నాను. ముద్దాయి ముందు ఎలా కూర్చోవాలో వాడికి నేర్పిందే నేను. అలాంటివాడు గోడ గడియారం చూపించి, "పావుగంట ఇస్తున్నాను బావా, ఆయన్ని విసిగించకు," అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ లోపలికి రానివ్వడమే గొప్ప అనుకుని నోరు మూసుకున్నాను.

సంగతేమిటంటే, రేపు కప్పు ఫైనల్. ఓడిన జట్టు ఓడినట్టే ఇంటికెళ్ళిపోయే పోటీ అది, రెండో అవకాశమంటూ ఉండదు. నేను పుట్టకముందు నుంచీ జరుగుతోంది. గెలిచినవాళ్ళ పేర్లన్నీ కప్పు కింది చెక్క దిమ్మ చుట్టూ తొడిగిన వెండి పట్టీల మీద ఉంటాయి. వాటిని చెక్కేది ఉలి మాస్టారు. ఆయనకు ముందు వాళ్ళ నాన్న, పెద్ద మాస్టారు. ఉలి మాస్టారి అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో గానీ, బంతాట చూసేవాళ్ళందరికీ ఆయన ఉలి మాస్టారే.

నిన్న పొద్దున మాస్టారు అసోసియేషన్ ఆఫీసుకి వెళ్ళాడు. పట్టీలు నిండిపోయాయి, కొత్తది తొడగాలి. పని మొదలుపెట్టి, కాసేపటికే "పనిముట్టు మరిచాను" అని లేచి వెళ్ళిపోయాడట. మధ్యాహ్నం సెక్రటరీ గారు భోజనం చేసి వచ్చేసరికి అద్దాల బీరువా ఖాళీ. ఇవాళ తెల్లవారుజామున మా బావమరిది మాస్టారి ఇంటి మీద పడి, పని బల్ల మీద ముక్కలుగా విప్పి ఉన్న కప్పుని పట్టుకొచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం ఆయన్ని కోర్టుకి తీసుకెళ్తారు. తెల్లారగానే మాస్టారి కూతురు మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని, "మా నాన్న దొంగ కాదు బాబాయ్, ఈ వయసులో ఆయన్ని జైలుకి పంపకండి," అని ఒకటే ఏడుపు. అందుకని వచ్చాను.

మాస్టారు బల్లకి అవతల కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. వేళ్ళు మాత్రం మనిషితో సంబంధం లేనంత గట్టిగా ఉంటాయి.

"కప్పు మీరే తీశారా మాస్టారూ?"

"తీశాను."

"ఎందుకు?"

ముందున్న టీ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"అమ్ముకుందామనా?"

నా మొహంలోకి జాలిగా చూశాడు.

"కరిగిద్దామనా?"

"ఛ!" అన్నాడు. గదిలోకి వచ్చాక ఆయన గొంతు పెరగడం అదే మొదలు.

"మరి నోరు విప్పరేం? రేపు విజిల్ పడగానే మైదానంలో పేరు చెక్కే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు? ఎవణ్ణో తెచ్చి కూర్చోబెడతారు. మీకు సమ్మతమేనా?"

ఆయన కళ్ళు చెమర్చాయి. "నన్ను జైల్లో వేయమనండి బాబూ. అక్కడితో అయిపోతుంది. నేనేమీ చెప్పలేను," అన్నాడు.

చెప్పనని కాదు, చెప్పలేనని అన్నాడు. నేను ఆయన చేతులకేసి చూస్తూ ఉండిపోయాను. టీ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ స్టీలు గ్లాసులో చూపుడు వేలు పెట్టి, లోపలి గోడని చుట్టూ తడుముతున్నాడు. ఒకచోట ఆగుతాడు. అక్కడే రెండు మూడు సార్లు రుద్దుతాడు. మళ్ళీ మొదలు.

"గ్లాసులో ఏం పోయింది మాస్టారూ?" అన్నాను.

వేలు కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంతలో నా పావుగంట అయిపోయింది.

బయటికొస్తుంటే మా బావమరిది టేబుల్ మీద కప్పు కనిపించింది. పట్టీలకు దారం చుట్టి పక్కన పెట్టారు. దాన్ని చూడగానే నాకు నవ్వొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఈ కప్పు గెలిచింది పోలీసు జట్టే. కెప్టెన్ మావాడే. కప్పు ఏడాదంతా గెలిచిన జట్టు క్లబ్బులోని అద్దాల బీరువా దాటి బయటికి రాకూడదని రూలు. కానీ అప్పుడు మా ఆవిడ కాలు విరిగి కట్టుతో మంచంలో ఉంది, తమ్ముడి ఫైనల్ చూడలేకపోయింది. వీడు ఆగలేక కప్పుని దుప్పట్లో చుట్టి మా ఇంటికి మోసుకొచ్చాడు. కట్టు విప్పేదాకా అది మా ఆవిడ మంచం కిందే ఉంది. బయటికి పొక్కితే వాడి ఉద్యోగానికే ఎసరు. అందుకని మా ముగ్గురికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

"ఏంటి బావా నవ్వుతున్నావు? ఓడిపోయానని ఒప్పుకుంటున్నావా?" అన్నాడు.

"నువ్వు రూళ్ళు పాటించే తీరు గుర్తొచ్చింది లేరా."

వాడు చుట్టూ చూసి, "మెల్లగా," అన్నాడు. ఆ వెంటనే మీసం సవరించుకుని, "సెక్రటరీ గారు కప్పు కోసం వస్తున్నారు. కేసు గట్టిగా పెట్టమన్నారు. నువ్వు చెయ్యగలిగిందేమీ లేదు, ఇంటికెళ్ళి అక్క చేతి కాఫీ తాగు," అని సలహా ఇచ్చాడు.

నేను ఇంటికి కాదు, మాస్టారి ఇంటికి వెళ్ళాను.

ముందు గదే పని గది. కిటికీ కింద బల్ల, బల్ల మీద ఇసుక నింపిన తోలు దిండు, వరసగా ఉలులు, ఒక చిన్న సుత్తి. మావాడి మనుషులు కప్పుని పట్టుకుపోయి మిగతావన్నీ ఎక్కడివక్కడే వదిలేశారు. దొంగసొత్తు దొరికితే ఇక గదితో పనేముందన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్క నేను నేర్పింది కాదు.

బల్ల మీద మొదట కనిపించింది కొత్త వెండి పట్టీ. కొలతకు కోసి, మెరుగు పెట్టి, మేకులతో సహా సిద్ధంగా ఉంది.

"ఇది ఎప్పుడు చేశారమ్మా?"

"నిన్న, కప్పు ఇంటికి తెచ్చాక కూడా దీనికి మెరుగు పెడుతూనే ఉన్నాడు బాబాయ్. పెడుతూ పెడుతూ ఆగిపోతాడు, మళ్ళీ కప్పు దగ్గరికెళ్తాడు."

కప్పు కాజేసేవాడు దానికి కొత్త పట్టీ తయారు చేస్తాడా? మా బావమరిది ఈ పట్టీని చూసి కూడా ఏమీ అనుకోలేదంటే వాణ్ణి ఏమనాలో నాకు తోచలేదు.

తరవాత దీపం. మెడ వంచే బల్ల దీపం అది, బాగా కిందికి వంచి ఉంది. పక్కనే పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే రకం చిన్న అద్దం. పట్టీ పైన చెక్కిన పేర్లు చూడ్డానికి అద్దం ఎందుకు? లోపలి వైపు చూడ్డానికైతే కావాలి. గ్లాసులో తిరిగిన వేలు గుర్తొచ్చింది. ఈయన వెతికింది పట్టీల పైన కాదు, లోపల.

"ఈ దూదేంటమ్మా?" అన్నాను, బల్ల చివర ఉన్న ఉండను చూపించి.

"చెక్కాక అక్షరాల మీద దూది లాగి చూస్తాం. చేత్తో చెక్కినదానికి అంచులో పదును ఉంటుంది, పోగులు పట్టుకుంటాయి. మరీ పట్టుకుంటే కాస్త సానపెడతాం. నాకూ నేర్పాడు," అంది. "నాన్న ఎప్పుడూ పని మొదలెట్టాకే దూది తీస్తాడు. నిన్న మాత్రం ముందు దూదితోనే కూర్చున్నాడు."

ఎదురుగోడ మీద ఒకచోట సున్నం తెల్లగా, నలుచదరంగా కనిపించింది.

"అక్కడ ఫొటో ఉండేదా?"

"తాతయ్య ఫొటో. నిన్న నాన్న దాన్ని తీసి సొరుగులో పెట్టేశాడు. ఎందుకు నాన్నా అంటే నాకేసి చూడను కూడా చూడలేదు."

సొరుగు లాగాను. మైదానంలో తీసిన ఫొటో. బల్ల దగ్గర పెద్ద మాస్టారు వంగి పని చేస్తున్నాడు. వెనకాల మిల్లు జట్టు ఆటగాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మైదానం దీపాలు వెలిగి ఉన్నాయి. చూడగానే నా ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఆ రోజు నేను అక్కడున్నాను.

మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. కప్పు గెలిచినవాళ్ళ పేర్లు మొదటి నుంచీ చివరిదాకా నాకు నోటికొచ్చు. నిద్ర పట్టకపోతే అవే చెప్పుకుంటాను. మొదట వరసగా మూడేళ్ళు రైల్వే. తరవాత పోర్టు. కాలేజీ కుర్రాళ్ళు ఒక్కసారే, అదీ గాలివాటంగా. యుద్ధం అప్పుడు రెండేళ్ళు ఖాళీ. మళ్ళీ పోర్టు. ఆ తరవాత మిల్లు. ఆ మిల్లు గెలుపే ఈ ఫొటోలో ఉన్నది. ఆట అయిపోవస్తోంది, పోర్టు రెండు గోల్స్ ముందుంది, జనం సగం లేచిపోయారు. అప్పుడు మిల్లువాళ్ళు పూనకం వచ్చినట్టు మూడు గోల్స్ కొట్టారు. మా నాన్న నన్ను కింద పడేసినంత పని చేశాడు. ఆ తరవాత కప్పు ఇవ్వడానికి మాత్రం చీకటి పడేదాకా నిలబెట్టారు. పెద్ద మాస్టారి ఉలి విరిగిందని మైకులో చెప్పారు. నేను ఆకలని ఏడిస్తే వీపు మీద ఒకటి పడింది కూడా.

మామూలుగా అయితే ఆలస్యం ఉండదు. ఈ కప్పుకి ఒక ఆనవాయితీ ఉంది. విజిల్ పడగానే చెక్కడం మొదలుపెట్టాలి, కెప్టెన్ కప్పు ఎత్తేసరికి తన జట్టు పేరు దాని మీద ఉండాలి. జనం గోల్‌కీపర్ని చూసినంత శ్రద్ధగా ఆ బల్లకేసి చూస్తారు.

ఫొటోని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాను. పెద్ద మాస్టారి పక్కన ఉలులు వరసగా ఉన్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి. ఒకటి విరిగితే రెండోది తీసుకోవచ్చుగా? పైగా ఆయన చేతిలో ఉన్నది ఉలి కాదు, సుత్తి. పట్టీ దిమ్మ నుంచి ఊడదీసి దిండు మీద పెట్టి ఉంది. పేరు చెక్కడానికి పట్టీ ఊడదీయాల్సిన పనేమిటి?

"అమ్మా, పొరపాటున తప్పు పేరు చెక్కితే ఏం చేస్తారు?"

"పైన గీకేసి, లోపల్నించి సుత్తితో మెల్లగా కొట్టి వెండిని పైకి తేవాలి. నున్నగా చేసి మళ్ళీ చెక్కాలి. పైకి ఏమీ తెలియదు. లోపల మాత్రం సొట్టలుండిపోతాయి." తల ఎత్తి నాకేసి చూసింది. "కానీ మా ఇంట్లో అలాంటివి జరగవు బాబాయ్. తాతయ్య జన్మలో ఒక్క అక్షరం తప్పు చెక్కలేదు."

ఆ పిల్ల గర్వం చూసి, ఊరికే అడిగానులే అన్నాను. ఫొటోని బోర్లించి సొరుగులో పెట్టేసి, బల్ల మీది దూది ఉండ జేబులో వేసుకున్నాను.

స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి మావాడు ఇస్త్రీ చొక్కా మార్చుకుని మరీ కూర్చున్నాడు.

"దొరికాడా అసలు దొంగ?"

"మాస్టారిని పిలిపించు. నీతో పనిలేదు, చెవులు మాత్రం తెరిచి పెట్టుకో."

"ఇది నా స్టేషను బావా."

"నీ స్టేషనే, నేనేం ఎత్తుకుపోను. పిలిపించరా!"

గొణుక్కుంటూ పిలిపించాడు. మాస్టారు వచ్చి టేబుల్ మీదున్న కప్పుకేసి చూడకుండా కూర్చున్నాడు. నేను కుర్చీ లాక్కుని దగ్గరగా జరిగాను.

"మాస్టారూ, మిల్లు గెలిచిన ఏడాది ఉలి విరగలేదు కదూ?"

ఆయన మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

"నేను ఆ రోజు మైదానంలో ఉన్నాను," అన్నాను. "ఇంకాసేపట్లో విజిల్ పడుతుందనగా పోర్టు రెండు గోల్స్ ముందుంది. ఎవరైనా పోర్టే గెలిచిందనుకుంటారు. చేతిలో టైము తక్కువ. పెద్ద మాస్టారు కాస్త ముందే మొదలుపెట్టారు. అంతే కదా?"

మాస్టారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. మా బావమరిది కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"పోర్టు అని పూర్తిగా చెక్కేశాడు," అన్నాడు మాస్టారు. "చివరి అక్షరం అవుతుండగా మూడో గోలు పడింది. నేను పక్కనే ఉన్నాను. మా నాన్న చేతులు వణకడం నేను చూడ్డం అదొక్కసారే. అంతమంది ముందు గీకి, కొట్టి, మళ్ళీ చెక్కాడు. పోయేముందు నా చేత ఒట్టేయించుకున్నాడు, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని. నా కూతురికి కూడా చెప్పలేదు బాబూ. దానికి తాతంటే దేవుడు."

"నిన్న పట్టీలు విప్పి లోపల వేలు పెడితే ఆ సొట్టలు లేవు."

"లేవు. నున్నగా ఉంది. నా వేలికి మతి పోయిందేమో అనుకున్నాను. దీపం కింద చూద్దామని ఇంటికి పట్టుకెళ్ళాను. సెక్రటరీ గారిని అడగాల్సింది, కానీ అడిగితే ఎందుకంటారుగా? అద్దం పెట్టి చూశాను. లేవు. ఇది మా నాన్న చెక్కిన కప్పు కాదు."

నాకు నిజంగా గర్వంగా అనిపించింది, ఆయన్ని చూసి. మా బావమరిది ఆ ముచ్చట ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"అంటే ఇది నకిలీది!" అని టేబుల్ మీద చరిచాడు. "బావా, నువ్వే ఉరి బిగించావు. అచ్చం ఇలాంటిది చెయ్యగల చెయ్యి ఎవరిది? రాత్రంతా కప్పు ఎవరి దగ్గరుంది? అసలుది దాచేసి, నకిలీది మా చేతిలో పెట్టాడు. నిన్న దొంగతనం ఒక్కటే అనుకున్నాను, ఇప్పుడు మోసం కూడా."

మాస్టారు నాకేసి చూశాడు. నన్ను నమ్మి చెప్పాను, ఇదా ఫలితం అన్నట్టుంది ఆ చూపు.

"అయిందా?" అన్నాను. "ఇప్పుడు ఇది పట్టుకో." జేబులోంచి దూది తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఏంటిది? నా చెవుల్లో పెట్టుకోనా?"

"పెట్టుకుందువుగాని, తరవాత. చేత్తో చెక్కిన అక్షరం దూదిని పట్టుకుంటుంది. మూసలో పోసిన అక్షరం పట్టుకోదు. కింది పట్టీ తీసి చివరి పేరు మీద లాగు."

వాడు పెదవి విరుస్తూనే లాగాడు. చివరి పేరు కరెంటు ఆఫీసు జట్టు, పోయినేడు గెలిచినవాళ్ళు. దూది పోగులు అక్షరాలకు చిక్కుకున్నాయి.

"దాని ముందుది."

అది బ్యాంకు. చిక్కుకుంది.

"ఇంకా ముందుది."

పోర్టు. అదీ చిక్కుకుంది.

"ఇంకొకటి."

దూది మంచు మీద జారినట్టు జారిపోయింది. వాడు మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది. అక్షరాలకేసి వంగి చూశాడు. అవి పోలీసు జట్టు అన్న అక్షరాలు.

"అరిగిపోయిందేమో," అన్నాడు మెల్లగా.

"ఒక్క ఏడాది తేడాలోనా? ఇదిగో, లెన్సు పెట్టి చూడు. గీతల అడుగున సన్నటి గుంటలున్నాయి చూశావా? పోత పోసినప్పుడు గాలి చేరిన గుర్తులవి. అక్కణ్ణించి పైకి మొదటి పేరుదాకా అన్నీ అంతే. చివరి మూడు పేర్లే మాస్టారు చేత్తో చెక్కినవి. నిన్న రాత్రే చేసి ఉంటే మొత్తం పేర్లన్నీ మూసలోనే వచ్చేవి. ఆ మూడూ మూసలో లేవంటే, మూస తీసిన రోజుకి అవి కప్పు మీద లేవన్నమాట. మూడేళ్ళుగా ఈయన నకిలీ కప్పు మీదే పేర్లు చెక్కుతున్నాడు. మైదానంలో హడావుడి. ముందరి ఖాళీలో పేరు చెక్కి ఇచ్చేయడమే తప్ప లోపల వేలు పెట్టే అవసరం ఈ ఏడాది పట్టీ మార్చేదాకా రాలేదు."

మాస్టారు నెమ్మదిగా తలూపాడు. "మూడు ఫైనళ్ళు," అని తనలో తను అనుకున్నాడు. "మూడు సార్లు నా చేత్తో."

మా బావమరిది దూదిని టేబుల్ మీద పెట్టాడు. వాడు మందకొడి అని నేనెంత తిట్టినా, ఒకసారి దారి చూపిస్తే మిగతా దూరం తనే నడుస్తాడు. "మా పేరు మూసలో ఉంది," అన్నాడు. "తరవాతి పేరు లేదు. అంటే మేం గెలిచాక, మళ్ళీ ఫైనల్ జరిగేలోపల మార్చారు. ఆ ఏడాదంతా కప్పు..."

"నీ దగ్గర."

"బావా, ఇది కాగితం మీద పెడితే మొదటి ముద్దాయిని నేనే."

"అవును."

"మాస్టారు ఇంటికెళ్తాడు, నేను ఆ కుర్చీలో కూర్చుంటాను."

"నాకు తెలుసురా. అయినా పెట్టు," అన్నాను. వాడంటే నాకెంత ప్రేమో వాడితో ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు.

వాడు చాలాసేపు కప్పుకేసి చూశాడు. తరవాత స్టేషన్ రైటర్ని పిలిచి, "మాస్టారి కేసు ఆపండి. కొత్తది రాసుకోవాలి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే సెక్రటరీ గారు తలుపు తోసుకుని వచ్చారు. తెల్లటి బట్టలు, మొహం నిండా నవ్వు. మాస్టారు లాకప్ బయట కూర్చుని ఉండటం చూసి ఆ నవ్వు కాస్త సన్నబడింది.

"కప్పు సిద్ధమేనా ఇన్‌స్పెక్టర్ గారూ? రేపటికి బోలెడు పనులున్నాయి."

"కప్పు నకిలీదండీ," అన్నాను.

"అయ్యయ్యో!" అన్నారు. ఎంత త్వరగా అన్నారంటే, ఆ మాట గుమ్మంలోనే నోట్లో పెట్టుకుని వచ్చినట్టుంది. "రాత్రంతా ఇతని దగ్గరే ఉంది కదా. నేను ముందే అన్నాను, గట్టిగా కేసు పెట్టండని."

నిన్న మధ్యాహ్నం నుంచీ ఆయన అంత పట్టుగా కేసు పెట్టమనడం ఎందుకో నాకప్పుడు అర్థమైంది. నకిలీ అని ఎప్పుడు బయటపడ్డా నింద పడడానికి ఒక మనిషి సిద్ధంగా ఉండాలి.

"ఈయన మార్చలేదండీ. మూస తీసింది పోలీసు జట్టు దగ్గర కప్పు ఉన్న ఏడాది," అన్నాను, నిమ్మకు నీరెత్తినట్టు. దూది సంగతి కూడా చెప్పాను.

ఆయన విన్నారు. కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. నవ్వు మళ్ళీ వచ్చింది, ఈసారి మావాణ్ణి చూసి.

"అలాగైతే నన్నడిగి లాభమేముంది? జాగ్రత్తగా పెట్టుకోమని కప్పు ఇస్తే, దుప్పట్లో చుట్టి మంచాల కింద తోసుకునేవాళ్ళని అడగాలి. ఇన్‌స్పెక్టర్ గారి ఉద్యోగం మంచిదే కానీ, ఈ సంగతి పైకి పోతే ఉంటుందంటారా? మాస్టారే తీశాడనుకుంటే అందరికీ మంచిది."

నేను మా బావమరిదికేసి చూశాను. వాడు నాకేసి చూశాడు.

"ఒరేయ్, దుప్పటి సంగతి ఎవరికైనా చెప్పావా?"

"అక్కకీ నీకూ తప్ప ఎవరికి చెప్తాను?"

"నేనూ చెప్పలేదు."

సెక్రటరీ గారి కాలు మీది కాలు కిందికి దిగింది. ఆయనేదో అనబోయి నీళ్ళు నమిలారు.

మావాడు టేబుల్ మీది ఫోన్ తీసి మా ఇంటికి కలిపి, స్పీకర్ నొక్కి, నా ముందుకు జరిపాడు. మా ఆవిడ ఎత్తింది.

"నీ కాలికి కట్టున్నప్పుడు మంచం కింద కప్పు ఉండేది చూడు," అన్నాను. "నేను ఇంట్లో లేనప్పుడు దానికోసం ఎవరైనా వచ్చారా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెరగను.

"ఎవరు చెప్పారండీ మీకు?" అంది చివరికి, ఏడుపు గొంతుతో. "క్లబ్బులో బీరువా ఖాళీగా ఉందని వెతుక్కుంటూ సెక్రటరీ గారే వచ్చారు. బీమావాళ్ళకి ఫొటోలు కావాలని పట్టుకెళ్ళి, పది రోజులకి తెచ్చిచ్చారు. అన్నాళ్ళూ మంచం కింద ఉన్నది ఉత్త దుప్పటి మూటే. ఎవరితోనైనా అంటే తమ్ముడి ఉద్యోగం పోతుందన్నారు. మంచంలో ఉన్నదాన్ని, నాకేం తోస్తుంది? వాడికోసమే నోరు మూసుకున్నానండీ. వాడికేమైనా అయిందా?"

"ఏం కాలేదక్కా," అన్నాడు మా బావమరిది, ఫోన్ మీదికి వంగి. "నువ్వు ఏడవకు. సాయంత్రం వస్తాను." ఫోన్ పెట్టేశాక మొహం తుడుచుకుని, రైటర్‌తో, "దుప్పటి దగ్గర్నించి రాసుకోండి. నా పేరుతో సహా," అన్నాడు.

సెక్రటరీ గారు లేవబోయారు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ అడ్డంగా నిలబడ్డాడు. ఆయన మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు.

ఉలి మాస్టారు లేచి వచ్చి, పట్టీలకు చుట్టిన దారం సరిచేశాడు. నకిలీదైనా ఆయన చేతులు దాన్ని జాగ్రత్తగానే పట్టుకున్నాయి. ఆయనకు తండ్రి పరువు పోయింది, నా ఎదుటా, మావాడి ఎదుటా. రేపో మాపో కోర్టులో కూతురి ఎదుట కూడా పోతుంది. అయినా ఆయన మొహంలో పొద్దుటి భయం లేదు. సెక్రటరీ గారికేసి తిరిగి, కోపం లేకుండా, పని అప్పగించమని అడిగినట్టు అడిగాడు.

"సార్, రేపు గెలిచినవాళ్ళ పేరు దేని మీద చెక్కమంటారు?"